పుట్టి సుర, కుంచం కుండ

శరభం ఒక కన్ను తెరిచింది.

నేనూ రాజకుమారుడూ ఉన్నచోటనే ఆగిపోయాం. ఒంటిమీది నల్ల కంబళ్లు ముక్కుదాకా లాక్కుని, రాళ్ల మధ్య రెండు రాళ్లలా నిలబడ్డాం. ఆ కంబళ్లు మాంత్రికుడు ధూమకంఠుడివి, గుహలో మాకు దొరికినవి. గుగ్గిలం పొగా, ఏళ్లనాటి చెమటా కలిసిన కంపు వాటిది. శరభం ఆ కంపును గట్టిగా పీల్చి చూసింది. యజమాని మనుషులే అనుకుంది కాబోలు, రెప్ప వాల్చింది. పూర్తిగా కాదు, సగమే.

"నిద్ర పలచబడుతోంది, సెట్టిగారూ," అన్నాడు ఉదయార్కుడు గొంతు తగ్గించి.

"అమావాస్య దగ్గర పడుతోంది కదా, రాజకుమారా. తాగింది అరిగిపోతోంది," అన్నాను.

హిమకుహరం మనుషులు ఉండదగ్గ చోటు కాదు. పైకప్పు నుంచి మంచు ఊడలు స్ఫటికపు బల్లేల్లా వేలాడుతుంటాయి. కొండ నెత్తిన ఉన్న బిలంలోంచి దిగే ఎండ వాటిమీద పడి, గోడలనిండా ఏడు రంగులూ చిందిస్తుంది. ఆ రంగులు చూస్తే కళ్లు చల్లబడతాయి, ఆ తరువాత కాళ్లు, ఆ తరువాత ప్రాణం. అంత చలిలోనూ కణకణలాడేది ఒక్క శరభమే. సింహం ముఖం, ఆబోతు మూపు, మొసలి తోక. ఒళ్లంతా కొలిమిలోంచి అప్పుడే తీసిన రాగి రంగు. అది ఊపిరి వదిలితే ఎదురుగా ఉన్న మంచు సుయ్యిమని కరుగుతుంది, పీలిస్తే మళ్లీ గడ్డకడుతుంది. నలభై ఏళ్లుగా సంతలు తిరిగినవాణ్ణి, ఏనుగుకైనా వెల చెప్పగలను. దానికి మాత్రం వెల కట్టమంటే చేతులెత్తేస్తాను.

అది లోపలి గది గుమ్మానికి అడ్డంగా, గడియ పెట్టినట్టు పడుకుని ఉంది. ఆ గుమ్మానికి అవతల నా కూతురు సింగారి ఉంది.

కాళ్ల నుంచి మెడదాకా కంచు విగ్రహమై ఉంది.

మా ఉప్పు బిడారును కనుమలో ఆపినప్పుడు ధూమకంఠుడు ఎద్దుల్ని ముట్టుకోలేదు, మూటల్ని ముట్టుకోలేదు. వాడికి మాట్లాడే గంట ఒకటి పోతపోయించాలని కోరికట. దానికి గట్టి నోరున్న మనిషి కావాలి. బిడారు మొత్తంలో గట్టి నోరు నా కూతురిదేనని వాడు సరిగానే అంచనా కట్టాడు. ఆమె కాలికి ఇనుప కడియం తొడిగి శీల బిగించాడు. ఆ క్షణం నుంచి కంచు పైకి ఎక్కుతూ ఉంది. అమావాస్య సాయంకాలం వాడు గురువు దగ్గర నుంచి తిరిగివస్తాడు. అప్పటికి కంచు పెదవులు దాటుతుంది. ఇక శీల పీకినా లాభం లేదు. ఆమెను కొలిమిలో వేసి గంట పోస్తాడు. ఈ సంగతులన్నీ వాడే సింగారితో గొప్పగా చెప్పుకున్నాడు. మంచి సరుకు దొరికిన వర్తకుడు కూడా ఇలాగే ఆగలేక వాగుతాడు.

"నాయనా!" అని పిలిచింది సింగారి గుమ్మం అవతల నుంచి. గొంతులో చిన్న ఖంగు వినిపించింది. "ఇంకా గోడ చూస్తూనే ఉన్నారా? నాకు గడ్డం చల్లబడుతోంది."

"లెక్క చూస్తున్నానమ్మా."

"నీ లెక్క తేలేసరికి నన్ను గుడిలో వేలాడదీస్తారు. ఏమయ్యా కేతా, నువ్వైనా తొందర పెట్టు మా నాయనను!"

కేతడంటే ఉదయార్కుడే. శుక్తిపురం రాజకుమారుడు మారువేషంలో మా బిడారుకు కాపలాదారుగా వచ్చాడని నాకు తెలుసు, సింగారికి తెలియదు; నేను 'రాజకుమారా' అంటే ఎగతాళి అనుకుంటుంది. రాజకుమారుడు చెవులు ఎర్రబడి, "అలాగే," అన్నాడు.

లెక్క గోడమీద ఉంది. శరభానికి పోయవలసిన సుర ఎలా కాయాలో ధూమకంఠుడు రాతిలో చెక్కించాడు. మొలకెత్తించి ఎండబెట్టి దంచిన యవలు ఒక పుట్టి. నీరు నాలుగు పుట్లు. చేదుకు ఎండు నేలవేము ఆకు ఐదు కుంచాలు. పాత సుర మడ్డి, అంటే తోడు, పది కుంచాలు. కట్టెలు బండెడు. తొట్టిలో రసం జానెడు దిగేదాకా కాచాలి, చల్లార్చాలి, తోడు వేసి, తొట్టి పాడి పాట ఆపేదాకా ఉంచాలి. అట్టడుగున పెద్ద అక్షరాలతో రెండు మాటలున్నాయి. 'ఈ తొట్టెడు తాగితే శరభానికి పక్షం నిద్ర. రుచి ఏమాత్రం తప్పినా, పోసినవాడే దాని ఆహారం.' దానికింద ఇంకొక మాట: 'కొలతకు మించి గింజ పడరాదు.'

"పిసినారి వెధవ," అనుకున్నాను ఆ చివరి మాట చదివి.

చిక్కల్లా తొట్టి దగ్గర వచ్చింది. మేము గుహలోకి జొరబడినప్పుడు సుర కాచే ఇద్దరు సేవకులు ఎదురుపడ్డారు. ఉదయార్కుడు గద ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. పాట కట్టదగ్గ దెబ్బే, కానీ తగిలింది తొట్టికి. రాతితొట్టి నిలువునా చీలిపోయింది. ఆ అదురుకు పక్కనున్న గాదె తలుపు ఊడి, యవలన్నీ అగాధంలోకి జారిపోయాయి. సేవకులు పారిపోయారు. మూలల్లో ఊడ్చి పోగుచేస్తే నాకు మిగిలింది రెండు కుంచాల యవలు, ఒక మోపు నేలవేము, కాసిని కట్టెలు, మూతపెట్టిన ముంతలో తోడు, సేవకులు నీళ్లు తాగే మట్టికుండ ఒకటి. కుండ ఐదు కుంచాలు పడుతుంది. దాన్లో కుంచం యవల సురే కాయగలం.

"పుట్టికి రాసినది కుంచానికి ఎలా కుదురుతుంది?" అని అడిగాడు ఉదయార్కుడు.

"త్రైరాశికం ఉందిగా, రాజకుమారా! ఇంతకు అంతయితే, ఇంతకు ఎంత? పుట్టిలో కుంచం ఎనభయ్యో వంతు. కనుక అన్నీ ఎనభయ్యో వంతే. నాలుగు పుట్ల నీరు నాలుగు కుంచాలవుతుంది. ఐదు కుంచాల నేలవేము ఒక్క సోలకు, అంటే కుంచంలో పదహారో వంతుకు వస్తుంది. పది కుంచాల తోడు ఒక తవ్వ, అంటే రెండు సోలలు. చూశారా, పిసరు మిగలకుండా తెగింది!"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కూతురు కూడా గుర్తులేదు. లెక్క అంత శుభ్రంగా తెగితే నాకు కడుపు నిండుతుంది.

శుభ్రమైన లెక్క మొదట కట్టెల దగ్గర తడబడింది. బండెడుకు ఎనభయ్యో వంతు లెక్కన తీసి కుండ కింద పెట్టాను. నాలుగు కర్రలు. అవి ఘనంగా మండి, ఆరిపోయాయి. నీళ్లలో వేలు పెట్టి చూస్తే స్నానానికి కూడా పనికిరావు.

"మంటకు త్రైరాశికం రాదేమో," అన్నాడు రాజకుమారుడు గంభీరంగా.

నేను వినిపించుకోనట్టు మరో చేతినిండా కట్టెలు వేశాను. కుండ మరిగింది. యవల తీపి వాసన గుహంతా అలముకుంది. శరభం నిద్రలోనే పెదవులు నాకింది. ఆ నాలుక చప్పుడుకు ఇద్దరం కంబళ్లు మళ్లీ ముక్కుదాకా లాక్కున్నాం.

"ఇప్పుడు జానెడు దిగనివ్వాలి," అని ఉదయార్కుడు కుండలోకి జాన పెట్టబోయాడు.

"ఆగండి! కుండ లోతే రెండు జానలు. జానెడు దిగితే మిగిలేది సగం, అది సుర కాదు, జావ."

"గోడమీద జానెడనే ఉంది. రాతిలో చెక్కినదాన్ని కాదంటారా?"

"రాతిలో చెక్కింది తొట్టికి, రాజకుమారా, కుండకు కాదు." చీలిన తొట్టి పక్కన మోకరించి చేత్తో కొలిచాను. లోతు పది జానలు. పదింట ఒకటి దిగాలన్నమాట. కుండకు ఆ లెక్కన రెండు వేళ్ల వెడల్పు, ఆపైన పిసరు. బొగ్గుతో కుండ లోపల గీత గీశాను. రసం ఆ గీతను చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. వెడల్పు నోటి కుండ, పెద్ద ఎండకు చిన్న మడుగు ఇంకినట్టు ఇంకింది. తొట్టి పూటంతా చేసే పనిని కుండ మేము కట్టె సర్దుకునేలోగా చేసేసింది. ఆవిరికి కూడా త్రైరాశికం రాదని అప్పుడు తెలిసింది. కానీ గీత ఉంది కనుక సమయానికి దించాం.

తొట్టి అడుగున పాత సుర గడ్డకట్టి కొంచెం మిగిలి ఉంది. ఆ ముక్క నాలుకమీద పెట్టుకుని రుచి పట్టుకున్నాను. తరువాత మా కుండలో వేలు ముంచి నాకాను.

చేదు. గొంతు బిగుసుకుపోయేంత చేదు.

ఉదయార్కుడు కూడా నాకి, కత్తిపోటు తిన్నవాడిలా మొహం పెట్టాడు. "సోలే కొలిచారా?"

"సోలే కొలిచాను! పైన గింజ నిలవకుండా తల కొట్టి కొలిచాను!"

"నాయనా," అంది లోపలి నుంచి సింగారి. ఆమెకు మేము మాట్లాడేదంతా వినిపిస్తూనే ఉంది. "సోల కొలిచాక ఏం చేశావు?"

"కుండలో పోశాను."

"పోశాక?"

నా కుడిచేయి వైపు చూసుకున్నాను. వేళ్ల సందుల్లో నేలవేము ఆకు పొడి అంటుకుని ఉంది.

"కొసరు వేశావు కదూ?" అంది సింగారి.

వేశాను. అలవాటుగా ఎప్పుడో వేశాను. మా వంశంలో కొసరు లేకుండా కొలత ముగియదు. ఏది కొలిచినా చివర గుప్పెడు పైన పడాలి, అప్పుడే గిరాకీ మొహం విప్పారుతుంది. పుట్టిమీద గుప్పెడు వేస్తే అది గాలికి సమానం. సోలమీద వేస్తే మూడో వంతు. ఇన్నేళ్లు నన్ను పోషించిన చేయి, ఇవాళ నా కూతురి గొంతుమీదికి వచ్చింది.

"కొంచెం తీపి కలిపితే?" అన్నాడు ఉదయార్కుడు.

"చేదు తక్కువైతే కలపొచ్చు, బాబూ. ఎక్కువైన చేదును తీయడం ఎవరి తరమూ కాదు."

కుండను అగాధం అంచున వంచేశాను. సగం యవలు, సగం కట్టెలు, ఒక పగటి వెలుగు పోయాయి. ఇంకొక్క కుంచం ఉంది. అది కూడా పోతే ఇక ఊడ్చడానికి మూలలు లేవు.

రెండోసారి రాజకుమారుడు నా కుడిచేతిని నా నడుముకే కట్టేశాడు. నేనే కట్టమన్నాను. ఎడమచేత్తో కొలిచాను. కుంచం తల కొట్టాను, సోల తల కొట్టాను. లోపల కుడిచేయి గిలగిల్లాడుతూనే ఉంది, కట్టేసిన కోడిలా. కట్టెలు ఉన్నవన్నీ పెట్టాం. గీత దగ్గర దించాం. నాకి చూశాను. పాత సుర చేదు ఎంతో, ఇదీ అంతే. మంచు దిమ్మె మీద చల్లార్చి, తవ్వెడు తోడు వేసి, గుడ్డ కట్టి, చెవి ఆనించి కూర్చున్నాం.

తోడందుకున్న కుండ పాడుతుంది. లోపల బుడగలు పుట్టి, పగిలి, సన్నని వాన కురిసినట్టు వినిపిస్తుంది. మా కుండ కొంచెంసేపు పాడింది. తరువాత గొంతు సన్నగిల్లింది. తెల్లవారి మళ్లీ చెవి పెడితే సమాధిలా ఉంది. గుడ్డ మీద పలచని మంచుపొర పట్టింది.

"చచ్చిపోయిందా?" అన్నాడు ఉదయార్కుడు.

నేను లెక్క మళ్లీ మొదటి నుంచీ చూశాను. కొలత తప్పలేదు. చేదు తప్పలేదు. తోడు తప్పలేదు. ఇదే గుహలో, ఇదే చలిలో ధూమకంఠుడి తొట్టి పక్షానికొకసారి పాడేది. మరి మా కుండకు ఏం తగ్గింది?

"నాయనా." సింగారి మాట ఇప్పుడు పళ్ల సందుల్లోంచి వస్తోంది. "పై పెదవి బరువెక్కుతోంది. గడ్డం కదలడం లేదు. ఏదైనా చెప్పాలంటే ఇప్పుడే చెప్పు. నేను ఎదురు మాట్లాడలేని రోజు రావాలని నువ్వు మొక్కుకున్నావుగా."

"మొక్కు వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నువ్వు మాట్లాడుతూనే ఉండు."

"అయితే విను. మన గోదాములో పసుపు కుప్ప అంటుకున్న సంగతి కేతడికి చెప్పు. ఊసుపోతుంది. ఎవరూ నిప్పు పెట్టకుండానే..."

ఆమె మాట పూర్తి కాకముందే నేను లేచి నిలబడ్డాను.

అది ఏ వర్తకుడికైనా తెలిసిన సంగతే. పచ్చి ఆరని సరుకును బస్తాలకెత్తి కుప్ప వేస్తే, కుప్ప నడుమ చేయి పెట్టలేం. కాలుతుంది. ఒక్కోసారి పొగ కూడా వస్తుంది. అదే సరుకు గుప్పెడు తీసి పళ్లెంలో పెడితే చల్లగా ఉంటుంది. పోగుకు తన వేడి తనకుంటుంది. పిడికెడుకు ఉండదు. తొట్టెడు సుర తన దుప్పటి తానే కప్పుకుంటుంది. మా కుండకు ఆ దుప్పటి లేదు. చావలేదు, చలికి ముడుచుకుంది.

"వెచ్చదనం కావాలి, రాజకుమారా! మంట కాదు. కోడి గుడ్డు పొదిగేపాటి వెచ్చదనం, వదలకుండా, అమావాస్యదాకా."

"కట్టెలన్నీ అయిపోయాయి, సెట్టిగారూ. ఈ గుహలో వెచ్చగా ఉన్నది..." అని ఆగిపోయాడు.

ఇద్దరం ఒకేసారి శరభం వైపు చూశాం.

రాజకుమారుడు నవ్వాడు. అలాంటి నవ్వు చూసి తల్లులు బిడ్డల్ని ఇంట్లోకి లాక్కుంటారు. "దాన్ని నిద్రపుచ్చే సురను దాని పక్కలోనే పొదిగిద్దామంటారా?"

"ఖర్చు లేని కొలిమి. అద్దె అడిగితే మాత్రం ఇచ్చుకోలేం."

కుండను కంబళి కొంగుతో పట్టుకుని చెరోవైపు నడిచాం. అడుగు వేసినకొద్దీ చలి వెనక్కి పోయింది. కనుబొమల మీది మంచు కరిగి కళ్లలోకి కారింది. దగ్గరకు వచ్చేసరికి మొహం పెనం ముందు పెట్టినట్టయింది. శరభం పక్క ఎముకలు పడవ పక్కటెముకల్లా లేచి పడుతున్నాయి. ముందరికాలికీ డొక్కకూ మధ్య కుండ పట్టేంత సందు ఉంది. అక్కడ చేయి పెట్టి చూశాను. మనిషి ఊపిరి వేడికి కొంచెం ఎక్కువ, కాలడానికి చాలా తక్కువ. కొలిచి పెట్టినట్టుంది.

కుండను లోపలికి తోశాను. మట్టి రాయిని గీసుకుని కీచుమంది.

శరభం రెప్పలు విచ్చుకున్నాయి. పసుపుపచ్చని కంట్లో నా మొహం చిన్నగా కనిపించింది. ఊపిరి బిగబట్టాను. అది కంబళి వాసన చూసింది. కుండ వాసన చూసింది. తరువాత ముందరికాలు ఎత్తి, బుట్టంత పంజాను కుండ చుట్టూ వేసి, పిల్లను పొదువుకున్నట్టు డొక్కలోకి లాక్కుంది. గురక పెట్టింది.

రాళ్ల చాటుకు పాక్కుంటూ వచ్చి చెవులు రిక్కించాం. ముందు గురక తప్ప ఏమీ వినిపించలేదు. ఎంతోసేపటికి ఆ గురక కింద, సన్నగా, వాన చినుకుల చప్పుడు మొదలైంది.

కుండ పాడుతోంది.

అమావాస్య నాడు ఎండ బిలంలోంచి వాలుగా దిగే వేళకు పాట ఆగింది. సింగారి మాట కూడా అంతకుముందే ఆగింది. ఆమె ముక్కుతో మూలుగుతుంటే దీపస్తంభాన్ని మీటినట్టు వినిపిస్తోంది. ఇంకా మూలుగుతోంది కనుక సమయం ఉంది.

కుండ తీయడానికి ఉదయార్కుడు పాకాడు. పంజా కింద చేయి దూర్చి, కుండను తడవకు వేలెడు చొప్పున లాగాడు. చివరి వేలెడు దగ్గర పంజా టక్కున ముడుచుకుంది. కుండ బయట ఉంది, గోళ్లలో అతని కంబళి ఉంది. ఒక్క లాగు లాగితే చేయి కూడా పోయేది. రాజకుమారుడు అరటిపండు తొక్కలోంచి జారినట్టు కంబళిలోంచి జారి, ఒట్టి ఒంటితో, కుండ కావలించుకుని దొర్లుకుంటూ వచ్చాడు.

"ఇప్పుడు నాకు నా వాసనే మిగిలింది," అన్నాడు రొప్పుతూ.

అది శరభానికీ తెలిసింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. మనిషి వాసన! తల లేచింది. మూపు లేచింది. తోక నేలను కొడితే పైనుంచి మంచు ఊడలు భళ్లున రాలాయి.

నేను అప్పటికే కుండ మూతి గుడ్డలోంచి సురను శరభం తాగే రాతి దోనెలోకి వడకడుతున్నాను. తేరుకున్న బంగారు రంగు, పైన తెల్లని నురగ. చివరి ధార దగ్గర నా కుడిచేయి, ఎవరూ చెప్పకుండానే, నడుముకున్న సొరకాయ బుర్రను తీసి ఆ ధార కింద పట్టింది. చూసుకునేసరికి బుర్ర నిండింది. తిట్టుకోవడానికి తీరిక లేదు. దోనెను శరభం ముందుకు తోసి వెనక్కి పడ్డాను.

అది నన్ను చూసింది. దోనెను చూసింది. నాలుక ముంచింది.

ఆ ఒక్క గుటకలో నేను నా జీవితం మొత్తానికీ మొత్తం వేసుకున్నాను. రుచి తప్పితే నిలువ సున్న.

శరభం కళ్లు మూసుకుని, దోనె అడుగు గీకేదాకా తాగి, తల నేలమీద వాల్చింది. ఈసారి రెప్పలు పూర్తిగా మూతపడ్డాయి.

"ఎంతసేపు?" అన్నాడు ఉదయార్కుడు.

"పుట్టికి పక్షం. కుంచానికి, నా లెక్క ప్రకారం, పదకొండు గడియలు. కానీ ఇక్కడ మంట నా లెక్క వినలేదు, ఆవిరి వినలేదు, వేడీ వినలేదు. చిన్న కుండ తొందరగా చల్లారినట్టే చిన్న నిద్రా తొందరగా తేలుతుంది. ఒక్క గడియ కూడా లేదనుకుని కదలండి!"

వేడిగా ఉన్న ఆ మూపు మీదుగా ఎక్కి, అవతలికి దూకాం. గది నడుమ నా కూతురు నిలబడి ఉంది. కనుకొలకుల్లో మాత్రం తడి ఉంది, పై పెదవి అంచున గీతంత చర్మం ఇంకా మిగిలి ఉంది. ఉదయార్కుడు కడియం పట్టుకుని శీలను పళ్లతో కరిచి లాగాడు. రాలేదు. బాకు మొన దూర్చి తిప్పాడు. మొన విరిగింది. రెండో తిప్పుకు శీల ఎగిరి గోడకు తగిలింది.

కంచు దిగడం మొదలైంది. పెదవులు, గడ్డం, మెడ.

"ఎంతసేపయ్యా!" అన్నది సింగారి మొదటి మాటగా. "ఏమి కాపలాదారువి నువ్వు, చొక్కా కూడా లేదు!"

"సింగారీ, ముందు భుజాలు కదిలించు," అన్నాను. నాకు కళ్లు మసకబారాయి. భుజాలు వచ్చాయి. చేతులు వచ్చాయి, ఆ చేతులు నా గడ్డం పట్టుకున్నాయి. నడుము వచ్చింది. మోకాళ్ల దగ్గర కంచు నెమ్మదించింది, సంత ముగిసే వేళ బేరంలా.

వెనక గురక ఆగిపోయింది.

తిరిగి చూస్తే శరభం నిలబడి ఉంది. గుమ్మం నిండా అదే. కత్తికి చేయి పోనిచ్చిన రాజకుమారుణ్ణి పక్కకు నెట్టి నేను ముందుకు వెళ్లాను. కత్తితో తెగే సరుకు కాదది. సొరకాయ బుర్ర మూత తీసి, దాని పెదవుల దగ్గర పట్టుకున్నాను.

"కొసరు," అన్నాను.

శరభం వాసన చూసింది. కొలిచిన తొట్టెడుకు మించి, గోడమీద చెక్కిన మాట దాటి, ఇన్నాళ్లలో దానికి ఎవరూ చుక్క ఎక్కువ పోసి ఉండరు. నాలుకతో నా అరచేయిని తుడిచి, బుర్రను ఖాళీ చేసింది. నిద్రపోవడానికి అది చాలదు. అది నిద్రపోలేదు. వేడి ముట్టెను నా భుజం మీద ఆనించి, ఇంకేమైనా ఉందా అన్నట్టు పిల్లిలా గుర్రుమంది. ఆ చూపు నాకు తెలుసు. కొసరు తిన్న గిరాకీ చూపది. అలాంటి గిరాకీ మరో అంగడి మెట్టెక్కదు.

అప్పుడు గుహ ముఖద్వారం దగ్గర శంఖం మోగింది. మంచు గోడల మీద పొడుగాటి నీడ పడింది. ధూమకంఠుడు గుమ్మం అవతల నిలబడి, పగిలిన తొట్టినీ, ఖాళీ దోనెనూ, మమ్మల్నీ ఒక్క చూపుతో లెక్క చూసుకున్నాడు.

"శరభా!" అని గర్జించాడు. "ఆ ముగ్గుర్నీ చీల్చెయ్!"

శరభం వాడి చేతుల వైపు చూసింది. మంత్రదండం ఉంది, ఇంకేమీ లేదు. తరువాత నా చేతిలోని ఖాళీ బుర్ర వైపు చూసింది. నెమ్మదిగా ముందరి మోకాళ్లు వంచి, మూపును మా ముందు నేలకు దించింది.

"నాయనా," అంది సింగారి గొంతు తగ్గించి, "ఎడమ మడమ ఇంకా కంచే."

"ఖంగుమన్నా పరవాలేదు, ఎక్కు!"

ఆమె ఒక అడుగు మెత్తగా, ఒక అడుగు ఖంగుమంటూ వేసి మూపు ఎక్కింది. ఉదయార్కుడు ఆమె వెనక ఎగిరి కూర్చున్నాడు. నేను బొచ్చు పట్టుకుని వేలాడాను. ధూమకంఠుడు దండం ఎత్తాడు, దాని కొసన నీలి మంట పుట్టింది. శరభం ఊపిరి నిండా పీల్చి, తనకు ఇన్నేళ్లూ తల కొట్టి కొలిచిపోసిన యజమాని మీదికి ఒక్క దూకు దూకింది.